తప్పు తీసేరు

కాశీబుగ్గలో, రైలు గేటు అవతల,
జీడిపప్పు ఒలిచే రేకుల షెడ్డులో
రెండేళ్ళ తర్వాత మళ్ళీ మోగింది బాకా.

"ఒలే, ఒచ్చీసింది! కోట ఒచ్చీసింది!"
నలభై చేతులు ఒక్కసారి ఆగాయి.
గుమస్తా దగ్గాడు.
చేతులు మళ్ళీ కదిలాయి.

ఆ టీవీ షావుకారు ఊరికే పెట్టించలేదు.
రాణి ఏడ్చిన రోజు
పప్పు బేగి ఒలుస్తామని,
యుద్ధం జరిగిన రోజు
గుండు తగ్గి బద్ద పెరుగుతుందని
ఆయన పుస్తకంలో లెక్కుంది.
కత్తులు ఒరలోంచి రాగానే
గుమస్తా రిమోట్ నొక్కేసేవాడు.
అందుకే మాకు
ఏ యుద్ధం ఎవరు గెలిచారో తెలీదు.
తర్వాత ఎవరు ఏడుస్తున్నారో చూసి
ఎవరు ఓడారో పోల్చుకునేవాళ్ళం.

అప్పట్లో ఆపేసిన రోజు
రాణి కోటగుమ్మం దగ్గర నిలబడి ఉంది,
చేతిలో దివిటీ.
బయట ఎవరో తలుపు కొట్టారు.
మూడు దెబ్బలు. అంతే.
మర్నాడు ఆ వేళకి వంటల పోటీ.

కొన్నాళ్ళు తిట్టుకున్నాం.
"తీసీవోడికి డబ్బుల్లేవట."
"కాదు, గుర్రానికి జబ్బు సేసిందట."
పదో తరగతి ఆపేసి కొత్తగా చేరిన నేను
ఇద్దరి మాటా నమ్మాను.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం
తామాడ దాలమ్మ, తలెత్తకుండా,
చాకు మొనతో పొర గీరుతూ అంది:
"తలుపు తియ్యనేదు."
"ఎవులే?"
"రానీ. తియ్యనేదు. దివిటీ ఆర్పీసింది."

అలా మొదలైంది.
కిలో పప్పుకి ఇంత కథ.
రాణి చీకట్లో నూతిమెట్లు దిగింది,
ఉప్పుబళ్ళ వాళ్ళతో కలిసి నడిచింది,
మెళ్ళో గొలుసమ్మి మేకల్ని కొంది.
సముద్రం ఒడ్డున ఏదో ఊళ్ళో
జీడి కారి ఆమె చేతులు పొక్కాయి అన్నప్పుడు
హేమావతి అడ్డుపడింది:
"రాజుల కాలంలో జీడితోటలేటి?"
"ఉండీవి" అంది దాలమ్మ.
ఇంకెవరూ అడగలేదు.

తుపానుకి మా తోటలు పడుకున్న నెలలో
కథలోనూ గాలి లేచింది.
ఊర్వశి మొగుణ్ణి వారానికి రెండుసార్లు
డయాలసిస్‌కి తీసుకెళ్తున్న రోజుల్లో
రాణి ఒక వైద్యుడి కోసం
పదకొండు ఊళ్ళు తిరిగింది.
దొరకలేదు.
దొరికించమని ఊర్వశి అడిగింది.
"సూస్తాను" అంది దాలమ్మ.

ఇవాళ తెర మీద
ఒక్క రాత్రి కూడా గడవలేదు.
అదే గుమ్మం, అవే మూడు దెబ్బలు.
రాణి మాత్రం వేరే పిల్ల.
"ఇదెవులు? ఆవిడ కాదు గదా!"
"ముక్కు సూడు, కొత్త ముక్కు."
"సేతులు సూడవే. ఒక్క మచ్చైనా నేదు."
"గుర్రం మట్టుకు అదే" అంది నీలమ్మ సంతోషంగా,
"నుదుట సుక్కుంది. ముసిల్దైపోనాది పాపం."

రాణి తలుపు తీసింది.

షెడ్డులో చాకుల చప్పుడు లేదు.
గుమస్తా దగ్గలేదు.
బయట ఉన్నది చిన్నప్పుడు తప్పిపోయిన అన్న.
వాన. పాట. కౌగిలి.
మూడు వైపుల నుంచి మూడుసార్లు అదే కౌగిలి.

"తప్పు తీసేరు" అంది హేమావతి,
ఆవిడే, జీడితోటలు ఉండవన్న ఆవిడే.
"తప్పే."
"పట్నంలో ఉంటారు. ఆలకెవులు సెప్తారు?"

గుమస్తా లేచాడు.
కత్తుల్లేవు, అయినా రిమోట్ తీశాడు,
గొంతు మాత్రం నొక్కి కూర్చున్నాడు.
రెండేళ్ళూ తూకంరాళ్ళ పక్కన
పనున్నట్టు నటిస్తూ విన్నవాడే అతనూ.

తెర మీద అన్నాచెల్లెళ్ళు
ఉత్త నోళ్ళు కదుపుతున్నారు.
దాలమ్మ ఒక పప్పుని వెలుతుర్లోకి ఎత్తి చూసింది.
గుండే. ఎక్కడా చీలలేదు.
డబ్బాలో పడేసింది.
"నిన్న ఎంతవరకు సెప్పినాను?"

"వైద్యుడు" అంది ఊర్వశి.
"పన్నెండో ఊరు."